కొల్లేటి తుంగను ఇంకో జానెడు పొడుగు అడిగాను

తాడేపల్లిగూడెంలో నాకో చిన్న బొటిక్ ఉంది. తుంగతో అల్లిన చేతిసంచులు అమ్ముతాను. ప్లాస్టిక్ కాదు, తోలు కాదు, ప్రకృతికి ఏ హానీ లేదని సంచికి కట్టే కార్డు మీద గొప్పగా అచ్చు వేయించాను కూడా. ఈ ఏడు హైదరాబాదు దుకాణం ఒకటి పొడవాటి సంచులు కావాలంది. కొల్లేటికోట నుంచి నాకు తుంగ కోసి పంపే మార్తమ్మగారికి ఫోన్ చేసి, "ఈసారి కాడ ఇంకో జానెడు పొడుగుండాలండీ" అన్నాను. పంపారు. సంచులు ఎగబడి కొన్నారు. పోయిన వారం ఆవిడే ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి చూసెళ్ళండమ్మా, నాకు భయంగా ఉంది" అన్నారు. ఎందుకని అడిగితే వచ్చాక చూద్దురుగాని అని పెట్టేశారు. ఇక నాకు కుదురేదీ?

పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కితే గంటలోపే ఏలూరు. అక్కణ్ణుంచి బస్సులు మారుతూ వెళ్ళొచ్చు గానీ, నేను ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ పదిహేను వందలన్నాడు డ్రైవరు ప్రసాద్. "వానొస్తే రోడ్డు మీదకి నీళ్ళొచ్చేస్తాయండీ. మూడింటికల్లా తిరిగి బయల్దేరిపోవాలండీ," అని ముందే చెప్పాడు. దారికి రెండు పక్కలా చేపల చెరువులే. తుంగ కోసం కళ్ళు పత్తికాయల్లా చేసుకుని వెతికాను. గట్ల వెంట అక్కడక్కడా నాలుగు దుబ్బులు తప్ప కనబడలేదు.

నాకు ఈత రాదు. మార్తమ్మగారి దోనెలో కాలు పెట్టగానే అది పక్కకి ఒరిగింది, నా పైప్రాణాలు పైనే పోయాయి. "కదలకుండా కూర్చోండమ్మా, ఏం కాదు," అంటూ ఆవిడ నవ్వి గడ వేశారు. కాసేపటికి తుంగ కోసిన చోటికి చేరాం. నవ్వు ఆగిపోయింది. నీళ్ళు నల్లగా ఉన్నాయి, కుళ్ళు వాసన. ఆవిడ చెయ్యి ముంచి ఒక మొదలు పట్టుకు లాగితే, వేళ్ళతో సహా మెత్తగా ఊడి వచ్చేసింది.

"ఎప్పుడూ నీటి పైన జానెడు వదిలి కోస్తామండీ. మొదలు గాలి పీల్చుకోవాలి కదండీ. మీరు పొడుగడిగారని ఈసారి నీళ్ళలో చెయ్యి పెట్టి అడుక్కంటా కోశాం. చిగురేస్తుందిలే అనుకున్నాను. నెల దాటిందమ్మా."

నేనడిగిన జానెడూ, వీళ్ళు వదిలిపెట్టే జానెడూ ఒకటేనన్నమాట! ఇంత చప్పుడు చేస్తూ వచ్చాం, ఒక్క నీటికోడి అయినా లేవలేదు. ఆవిడ వేలు చూపించిన వైపు మిగిలిన తుంగ మా హాలంత కూడా లేదు. రెండు నీటికోళ్ళు అందులోకి దూరాయి. "గూళ్ళు కట్టుకోవాలన్నా ఇదేనండీ, పై ఏడు నేను చాపలు అల్లుకోవాలన్నా ఇదేనండీ," అన్నారు మార్తమ్మగారు.

దోనెలోంచే దుకాణానికి ఫోన్ చేసి, పొడవు సంచులు ఇక చెయ్యనని చెప్పాను. అవతలాయన తాపీగా, "పర్లేదు మేడమ్, ఆ మోడల్ ఇప్పుడు చాలామంది చేస్తున్నారు," అన్నాడు. ఆ మాట చెబితే మార్తమ్మగారు తల ఊపారు. "మొన్న మండవల్లి వైపు నుంచి ఇద్దరు బేరగాళ్ళొచ్చి, కాడ ఇంత పొడుగుండాలని కొలతకర్ర ఇచ్చారండీ. నేను కొయ్యనన్నాను. మా పక్కింటోళ్ళు ఒప్పుకున్నారండీ." ఆ కర్ర పొడవెంతని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

తిరుగు దారిలో ప్రసాద్ ఏదో చెబుతూనే ఉన్నాడు, నాకు ఒక్క మాటా ఎక్కలేదు. మనం వేసుకునే బట్టా, తగిలించుకునే సంచీ ఏదో ఒక నేలా నీరూ బతికుంటేనే వస్తాయి. ఆ సంగతి తెలియకే ముచ్చటపడి ఒక మాట అన్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకుందామన్నా అది నా చేతిలో లేదు. నాకు నిజంగా భయంగా ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. మధ్యాహ్నం గాలి లేవకముందే దోనె ఎక్కండి, కోసిన తుంగ మొదళ్ళు నీటి పైకి కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపించకపోతే ఆ తుంగతో అల్లిన సంచీ కొనకండి, నా కొట్లో అయినా సరే.