నక్షత్రానికి గ్రీజు ఎవరు పూశారు?

మా వదినను ఇంట్లో అందరూ "గొట్టం కోడలు" అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె పలుకుతుంది కూడా.

సూర్యుడిలాంటి నక్షత్రం ముసలిదయ్యాక ఉబ్బిపోయి, తన పై పొరలను కొంచెం కొంచెంగా ఊదేస్తుంది. ఆ వాయువు దూరం పోయేకొద్దీ చల్లబడి, విడివిడిగా ఉన్న పరమాణువులు జతకట్టి అణువులవుతాయి. గిరగిరా తిరిగే అణువు తనదైన రేడియో తరంగాలు వదులుతుంది. టెలిస్కోపు వాటిని గీతలుగా పట్టుకుంటుంది. వేలిముద్రలాంటి ఆ గీత ఏ అణువుదో తేల్చడం వదిన పని. మనిషంత పొడవు గాజు గొట్టంలో గాలంతా తీసేసి, కర్బనం ఉన్న వాయువు కాస్త వదిలి, కరెంటు పెడుతుంది. రెప్పపాటు బతికే అణువులు పుడతాయి. వాటి గీతలను నక్షత్రం గీతల పక్కన పెట్టి చూస్తుంది.

కాన్పు సెలవు అయిపోయి పనిలోకి బయల్దేరిన రోజు అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "చచ్చే చుక్కల కోసం బతికున్న పిల్లను వదిలి పోతావటే?"

"చుక్కలు పాలకేడవవు అత్తయ్యా, వాటిని చూసుకోవడం తేలిక," అని వదిన చెప్పులేసుకుంది.

ఆ నెలలోనే ఆమెకు ఒక గీత దొరికింది. ఒక ముసలి నక్షత్రం చుట్టూ ఏళ్ళుగా కనిపిస్తూ, ఎవరికీ అంతుపట్టని గీత. అచ్చం అదే గొట్టంలోనూ వచ్చింది. కర్బనం, హైడ్రోజన్ల గొలుసని ఆమె తేల్చింది.

ప్రయోగశాల పెద్దాయనకు మేం పెట్టుకున్న పేరు వడపోత. కాస్త అనుమానమున్నా ఏదీ ఆయన్ని దాటదు.

"గ్రీజమ్మా అది," అన్నారాయన. గాజు అతుకుల్లోంచి గాలి దూరకుండా సిలికాన్ ఉన్న గ్రీజు పూస్తారు. దాని ఆవిరి లోపలికి చేరితే సిలికాన్ అణువులు పుడతాయి. "నిద్రలేని కళ్ళకు అన్నీ కొత్త అణువులే. ఆ మాట వెనక్కి తీసుకో. తప్పని తేలితే గొట్టం పక్క బృందానికి పోతుంది. నువ్వు పాఠాలు చెప్పుకోవాలి."

"పోతే పోనివ్వండి సార్. చూడకుండా మాత్రం తీసుకోను."

అతుకులన్నీ విప్పి, గ్రీజు కడిగేసి, లోహపు రింగులు బిగించింది. కింది అంతస్తులో రసాయన శాస్త్రం చెప్పే నేను సాయం వెళ్ళాను. స్పానర్లు అందించడం తప్ప నన్ను దేన్నీ ముట్టుకోనివ్వలేదు. కరెంటు పెట్టింది.

గీత లేదు. తెర మీద ఆ చోటు చదునుగా ఉంది.

"చెప్పానుగా," అన్నారు వడపోత గారు, జాలిగానే. "గొట్టం కోసం రేపు పక్క బృందం వాళ్ళు ట్రాలీ పంపిస్తారు. ఇంటికెళ్ళి పడుకో."

వదిన తెరవంకే చూస్తోంది. "నాది తప్పే సార్. ఇది ఒట్టి కర్బనం కాదు. గొట్టానికి గ్రీజు నేను పూశాను. మరి నక్షత్రానికి ఎవరు పూశారు?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగారు.

"అక్కడా అదే గీత ఉంది. అంటే అక్కడా సిలికాన్ అణువే ఉండాలి. గ్రీజు పొరపాటున ఇచ్చినదాన్ని ఈసారి మనమే కావాలని ఇద్దాం. సిలేన్ సిలిండరు తీయించండి."

సిలేన్ అంటే సిలికాన్ ఉన్న వాయువు. దానికి గాలి తగిలితే చాలు భగ్గుమంటుంది, అగ్గిపుల్లతో పనిలేదు. "వదినా, ఇంట్లో చంటిపిల్ల ఉంది!"

"అందుకేగా ఇంట్లో చేయనిది, మరిదిగారూ."

"పసిపిల్ల తల్లివి," అన్నారు వడపోత గారు.

"అవును సార్. నేను తండ్రినైతే ఈపాటికి అనుమతి ఇచ్చేసేవారు. ఇవ్వండి."

ఇచ్చారు. ఆమె ప్రతి అతుకూ పరీక్షించి, పొగగొట్టం ఫ్యాను వేసి, నన్ను బయటికి తోసింది. తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. కర్బన వాయువుతో పాటు సిలేన్ వదిలింది. గీత లేచింది, మొదటిసారికంటే ఎంతో ఎత్తుగా. వాల్వు కట్టేస్తే పడిపోయింది. తెరిస్తే లేచింది. వడపోత గారు "ఇక చాలమ్మా" అనేదాకా ఆమె ఆపలేదు. మర్నాడు పక్క బృందం ట్రాలీ ఖాళీగా వెనక్కెళ్ళింది.

వ్యాసం పంపే ముందు ఆయన పిలిచారు. "అణువులో సిలికాన్ ఉందని రాశావు, బాగుంది. గ్రీజు సంగతెందుకు? నవ్వుతారు."

"నవ్వనివ్వండి. గ్రీజని పారేసిన గీతలు ప్రతి ల్యాబులోనూ ఉంటాయి. ఇది చదివి ఒక్కరైనా వాటిని మళ్ళీ తీసి చూస్తారు."

"దీని మీద నా పేరు కూడా ఉంది."

"అది తీసేయడం తేలికే సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆమెనే చూశారు. చివరికి, "సరే, ఎక్కడో చివర్లో ఒక వాక్యం రాయి," అన్నారు.

"రాసేశాను సార్, మొదటి పేరాలో."