నాలికత్త

మా మేనత్త మందుబిళ్ళల దొంగ అని విదేశీయుల ఆసుపత్రి కాగితాల్లో రాసి ఉంది. మా వీధిలో అడిగితే మాత్రం, పరాయివాళ్ళ మాట నమ్మి విషం మింగి పోయిన పిచ్చిది అంటారు. రెండూ అబద్ధాలే. ఇటువాళ్ళకూ అటువాళ్ళకూ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. విన్నట్టే విని, తల ఊపి, ఎవరి దారిన వాళ్ళు పోతారు. అందుకే మొదటి నుంచీ చెబుతాను, వినే ఓపిక ఉన్నవాళ్ళు వినండి.

ఆమె ఇరవై రెండేళ్ళు మిల్లు క్యాంటీనులో టీ కాచింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అంచు విరిగిన గ్లాసు పనివాళ్ళకు ఇచ్చేది కాదు, అందులో తనే తాగేది. సూపర్‌వైజరు పొద్దున్నే వచ్చి నిలబడితే, "ఏం నాయనా, ఇంట్లో మొహం వాచేట్టు చీవాట్లు పెట్టారా, టీ కూడా ఇవ్వకుండా తరిమేశారు?" అని అందరి ముందూ అనేది. అతనూ నవ్వేవాడు, ఏం చేస్తాడు మరి. ఆమెకు పిల్లల్లేరు. మా మామ తొందరగా పోయాడు. మా నాన్న ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు, నేను ఆ తమ్ముడి కూతుర్ని.

మా నాన్నకు క్షయ వచ్చింది. ఆరు నెలలు బిళ్ళలు మింగమన్నారు. రెండు నెలలకే దగ్గు తగ్గింది. తగ్గిందిగా, ఇంకెందుకు అని మానేశాడు. మూడేళ్ళు తిరక్కుండా పోయాడు. "ఇంకో నాలుగు నెలలు మింగుంటే నా తమ్ముడు బతికేవాడే" అని అత్త వెయ్యిసార్లు అనుంటుంది. గ్లాసులు కడుగుతూ అనేది, తల దువ్వుకుంటూ అనేది.

మిల్లు మూతపడింది. మరుసటి ఏడు విదేశీయులు కొందరు వచ్చి మిల్లు దూది గోడౌను అద్దెకు తీసుకుని క్షయ ఆసుపత్రి పెట్టారు. వీధిలో ప్రతి తలుపూ తెలిసిన మనిషి కావాలన్నారు. అలాంటి మనిషి మా అత్త కాక ఇంకెవరు? బిళ్ళల డబ్బా భుజాన తగిలించుకుని ఇంటింటికీ తిరగడం ఆమె పని.

మా వీధివాళ్ళకు పరాయి దేశంవాళ్ళంటే గిట్టదు. ఊరికే కాదు, దానికో కారణం ఉంది. నా చిన్నప్పుడు వరదలొచ్చిన ఏడు వేరే విదేశీయులెవరో వచ్చి గుడారం వేసి పాలపొడి డబ్బాలు పంచారు. ఆ పాలు తాగి పదకొండు మంది పిల్లలు మంచం పట్టారు, ఇద్దరు లేవలేదు. జనం కర్రలు తీసుకుని వెళ్ళేసరికి గుడారం లేదు, మేకులు దిగిన గుంటలు మాత్రం ఉన్నాయి. అప్పటి నుంచి మా వీధిలో ఒకటే కట్టుబాటు. ఊరికే ఏదైనా తెచ్చి ఇచ్చేవాడు ముందు తను తినాలి, తర్వాతే మేం ముట్టుకుంటాం.

ఆసుపత్రివాళ్ళకేమో మా మీద నమ్మకం లేదు. బిళ్ళలు ఇంటికిస్తే అమ్ముకుంటారని, దవడలో దాచి ఊసేస్తారని వాళ్ళ అనుమానం. అదీ ఊరికే కాదు, అలా చేసినవాళ్ళున్నారు. కాబట్టి రోగి అత్త ఎదురుగా మింగాలి, నోరు తెరవాలి, నాలిక ఎత్తి చూపించాలి. అప్పుడే కార్డు మీద గుర్తు పెట్టాలి.

మా వీధిలో రోగులం ఏడుగురం. మా నాన్న జబ్బే నాకూ వచ్చింది, కాబట్టి నేనూ ఒకదాన్ని. మొదటి రోజు అత్త గడియారాలు బాగుచేసే తాత కొట్టుకు వెళ్ళింది. ఎదురుగా అరుగు మీద నా కుట్టుమిషను, అంతా నా కళ్ళముందే జరిగింది.

"మింగు మామా" అని ఎర్రబిళ్ళ అరచేతిలో పెట్టింది.

"ముందు నువ్వు మింగు" అన్నాడు తాత.

"నాకేం రోగం మింగడానికి?"

"రోగం లేకపోతే మరీ మంచిది. నీకేం కాకపోతే నాకూ ఏం కాదు."

అత్త ఇంకో బిళ్ళ తీసి గుటుక్కున మింగింది. తాత తక్కువవాడా? గడియారాల్లోకి చూసే భూతద్దం కంటికి బిగించుకున్నాడు. "ఏదీ, నాలిక చూపించు. కింద కూడా." వీధి నడిబొడ్డున ఆమె నోరు తెరిచి నాలిక ఎత్తింది. ఆయన అటూ ఇటూ చూసి, సరేనని తనూ మింగి, తనూ నాలిక చూపించాడు. చుట్టూ చేరిన పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె పేరు నాలికత్త. "నాలికత్తొస్తోందిరోయ్!" అని వాళ్ళు అరిస్తే ఈవిడ వాళ్ళకూ ఓసారి చూపించి పోయేది.

ఏడుగురిలో నలుగురికి వారంలోపే నమ్మకం కుదిరింది. ముగ్గురం మాత్రం రోజూ ముందు ఆమె మింగితే తప్ప ముట్టుకోలేదు. తాత ఒకడు. ఇస్త్రీ బండి అతని భార్య ఒకతె. మూడోదాన్ని నేను. అవును, నేనే. నన్నెత్తుకు పెంచిన మేనత్తను పట్టుకుని, "అత్తా, ముందు నువ్వు" అనేదాన్ని. నాకప్పుడు ఏడాది పిల్ల. నాకేమైనా అయితే దీనికి దిక్కెవరని భయం. పాలపొడి తాగి పోయిన ఇద్దరిలో ఒకడు నా తోడబుట్టినవాడు. కారణాలకేం, ఎన్నైనా చెప్పుకోవచ్చు.

బిళ్ళలు మరి ఎక్కడివి అంటారా? కిందపడితేనో, రోగి కక్కితేనో పనికొస్తాయని డబ్బాలో రోజూ కొన్ని ఎక్కువ పెట్టేవారు. వాటికి కారణం రాయాలి. అత్త "కిందపడింది" అని ఒకరోజు, "కక్కాడు" అని ఒకరోజు రాసేది.

రెండో నెలలో నేనే అన్నాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకత్తా? ఆ ముసలాడు మింగకపోతే పోతాడు. నువ్వెందుకు తినడం?"

"నువ్వు చెప్పావులే పెద్ద! నువ్వు మాత్రం అడగడం లేదూ?"

"పోనీ దవడలో పెట్టుకుని సందు తిరగ్గానే ఊసెయ్" అన్నాను.

"ఆ భూతద్దం కన్ను పడితే నా కడుపులో పేగులు కూడా లెక్కపెడతాడే. ఒక్కసారి దొరికానంటే ఇంక ఒక్కడు మింగడు. ఆరు నెలలే కదా అమ్మడూ. ఆరు నెలలు కాగానే నేనే వెళ్ళి ఆసుపత్రి డాక్టరమ్మకు చెప్తా. అప్పుడు తిట్టుకోమను."

ఐదో నెల నిండేసరికి ఆమె అన్నం తినడం మానేసింది. కళ్ళు పచ్చబడ్డాయి. మా మామ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, "సినిమాల్లో తీసుకుంటారంటావా?" అని నన్నే అడిగింది. నవ్వాను. ఛీ, నవ్వాను!

ఆ వారమే మందుల గది చూసే విదేశీయుడు, మేం కళ్ళజోడాయన అనుకునేవాళ్ళం, అత్తను ఆసుపత్రి వరండాలో నిలబెట్టాడు. పక్కన మా భాష చెప్పే గుమాస్తా. వారానికోసారి బరువు చూపించుకోవడానికి వచ్చి నేనూ అక్కడే ఉన్నాను. "నెలకు తొంభై బిళ్ళలు కిందపడ్డాయట, కక్కారట. మిగతా వీధుల్లో పది కూడా లేవు. మీ వీధిలో నేలకేమైనా జబ్బా అని అడుగుతున్నారు" అన్నాడు గుమాస్తా. అత్త డబ్బా దించి వాళ్ళ ముందు పెట్టింది. డబ్బా విప్పి చూశారు, కొంగు దులపమన్నారు. ఆపైన ఇంటికొచ్చి పెట్టె, బియ్యం డబ్బా, తలగడ అన్నీ వెతికారు. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోతే అమ్మేసినట్టే లెక్క. "దొంగకు తేలు కుట్టినట్టు ఎలా నిలబడిందో చూడు" అంది ఇస్త్రీ బండి అతని భార్య. ఆమె కోసం రోజూ మింగిన మనిషిని పట్టుకుని అన్న మాట అది!

నేను నోరు తెరవబోయాను. అత్త నా చెయ్యి రక్తం వచ్చేట్టు గిల్లింది. మింగలేక కక్కలేక ఊరుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక తలుపేసి అడిగాను. "నిజం చెప్తే ఏం పోతుంది నీకు?"

"చెప్తే డాక్టరమ్మ ఇంక మింగొద్దంటుంది. నేను మింగకపోతే తాత మింగడు, ఇస్త్రీ అమ్మాయి మింగదు, నువ్వు మింగవు. ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి."

"నేను మింగుతాలే అత్తా, నువ్వు చెప్పు" అనాలి నేను. అనలేదు. పిల్ల ఏడుస్తోందని లేచి వెళ్ళిపోయాను.

ఆమెను పనిలోంచి తీసేశారు. మర్నాడు డబ్బా పట్టుకుని డాక్టరమ్మే స్వయంగా వ్యానులో వచ్చింది. పొడుగు మనిషి, మంచిది కూడా. మా పిల్లలకు జ్వరమొస్తే తన చేత్తో తడిగుడ్డ వేసిన మనిషి. తాత కొట్టు దగ్గర దిగి బిళ్ళ ఉన్న చెయ్యి చాపింది.

"ముందు ఆవిణ్ణి మింగమను" అన్నాడు తాత గుమాస్తాతో.

గుమాస్తా చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఏదో అంది. గుమాస్తా దాన్ని ఉన్నదున్నట్టు మాకు చెప్పాడు. "జబ్బు లేనివాళ్ళు ఇది మింగకూడదట. ఒంటికి చేటట."

ఆ మాట నిజం, నిజమే చెప్పింది మహాతల్లి. కానీ వీధి భగ్గుమంది. "విన్నారా! వాళ్ళ నోటితో వాళ్ళే అన్నారు చేటని!" "మన పిల్లల్ని చంపినప్పుడూ ఇంతే!" తలుపులు దబదబా పడుతున్నాయి. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ గోలకు అత్త లేచింది. గోడ పట్టుకుని వీధిలోకొచ్చింది. "ఆగండ్రా! నేనున్నాగా. నేను మింగుతా, చూడండి" అని డాక్టరమ్మ చేతిలో బిళ్ళ లాక్కుని నోట్లో వేసుకోబోయింది. ఆ తోపులాటలో నల్లకళ్ళద్దాలు కిందపడ్డాయి. డాక్టరమ్మ ఆ పచ్చటి కళ్ళు చూసింది. తాత భూతద్దం చూసింది. రిజిస్టరులో తొంభై బిళ్ళలు ఎటు పోయాయో ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. కెవ్వుమని అరిచి అత్త చెయ్యి విరిచినట్టు పట్టుకుని, బిళ్ళ లాగి మురిక్కాలవలోకి విసిరేసింది. అత్తను పట్టుకుని ఏడ్చింది కూడా.

ఏడుపు ఎవరికి కావాలి? మా వీధికి కనబడింది ఒక్కటే. బిళ్ళ ఇవ్వడానికొచ్చిన డాక్టరే మనిషి నోటి దగ్గర నుంచి దాన్ని లాగి పారేసింది. విషం కాకపోతే ఎందుకు పారేస్తుంది? ఒక్కరంటే ఒక్కరు మళ్ళీ తలుపు తీయలేదు.

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. అత్త పెద్దాసుపత్రిలో పదకొండు రోజులుంది. కాలేయం పూర్తిగా పాడైందన్నారు. తొమ్మిదో రోజు నన్ను దగ్గరికి పిలిచింది.

"మింగుతున్నావా?"

"ఆ, మింగుతున్నా."

"నాలిక చూపించు."

అత్తను చేర్చిన రోజు డాక్టరమ్మ నా చేతికే ఇచ్చిన బిళ్ళలు తొమ్మిది రోజులుగా నా కొంగు ముడిలోనే ఉన్నాయి. విప్పి ఒకటి మింగాను, ముందుగా ఆమె మింగకుండానే. నోరు తెరిచాను. "కింద కూడా" అంది. చూపించాను. "బంగారుతల్లివి" అని కళ్ళు మూసుకుంది. రెండు రోజులకు పోయింది. మిగిలిన రోజులవి నేను మింగాను, నాకు తగ్గింది. ఏడుగురిలో ఆరు నెలలూ మింగింది నేనొక్కదాన్నే.

డాక్టరమ్మను వాళ్ళ దేశం పిలిపించుకుంది. వెళ్ళేముందు కాగితాల్లో అత్త దొంగ అన్న మాట కొట్టేయమని రాసిందట, కళ్ళజోడాయన ఆధారం ఏదన్నాడట. గోడౌను ఖాళీ చేస్తూ, ఈ వీధివాళ్ళు సహకరించరు, పనికి పెట్టుకున్న మనిషి కూడా దొంగ అని రాసి పెట్టిపోయారు. అత్త శవం వీధిలోంచి వెళ్తుంటే మావాళ్ళు, "చంపేశారు కదరా" అని ఆ గోడౌను మీద రాళ్ళేశారు.

రెండేళ్ళకు మరో దేశంవాళ్ళు వచ్చి అదే గోడౌను తెరిచారు. మందు పూర్తిగా వాడి బతికిన మనిషి కావాలని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అదే డబ్బా నా భుజాన తగిలించారు. నేను మొదట తాత దగ్గరికే వెళ్ళాను. దగ్గు తిరగబెట్టి మనిషి సగమయ్యాడు, బల్ల మీద నెత్తుటి గుడ్డ ఉంది. బిళ్ళ ఉన్న చెయ్యి చాపాను.

"మీ అత్త మింగేది" అన్నాడు, భూతద్దం కంటికి పెట్టుకుంటూ. "నువ్వూ మింగు. నేనూ మింగుతా."

బిళ్ళ నా అరచేతిలో ఉంది. ఎదురుగా మా ఇంట్లో నా పిల్ల ఎవరితోనో ఆడుకుంటున్న గొంతు వినబడుతోంది. అత్త పచ్చటి కళ్ళు గుర్తొచ్చాయి. చెయ్యి పైకి లేవలేదు.

"చూశావా మరి" అన్నాడు తాత. కోపంగా కూడా అనలేదు. భూతద్దం తీసి సొరుగులో పెట్టుకున్నాడు. మూడో నెలలో పోయాడు.

నేను డబ్బా తిరిగిచ్చేసి మళ్ళీ మిషను దగ్గర కూర్చున్నాను. ఒక్క బిళ్ళతో నాకేమీ కాదని నాకు తెలుసు, ఈ వీధిలో అందరికన్నా నాకే బాగా తెలుసు. నా ఒక్కదాని కోసం మా అత్త నూటయాభై మింగింది.