బూడిదలో ఆలుగడ్డలు

ఆ ఏడు మా పొయ్యికి విశ్రాంతి లేదు. దాని ముందు కూర్చునే అత్తకూ నాకూ అసలే లేదు.

నిజాం రాజ్యం చివరి రోజులవి. ఇబ్రహీంపట్నంలో, చెరువు వైపు పోయే బాట మీద మొదటి ఇల్లు మాది. పగటిపూట ఖాకీ బట్టలవాళ్ళు, రజాకార్లు, వచ్చేవాళ్ళు. పొద్దుగూకే వేళకు పొలాల వైపు నుంచి, దొరల మీదా నిజాం మీదా పోరాడే సంఘంవాళ్ళు వచ్చేవాళ్ళు. మొదటివాళ్ళు తుపాకి గోడకు ఆనించి, అరిచి అడిగేవాళ్ళు. రెండోవాళ్ళు "అమ్మా, జర ఇంత రొట్టె పెట్టు" అని మెల్లగా అడిగేవాళ్ళు. వాళ్ళంటే మాకు అభిమానమే. మా మామ వెట్టి చేసీ చేసీ పోయినవాడు, వాళ్ళు ఎందుకు తిరుగుతున్నారో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఎవరికి పెట్టినా జొన్నలు విసరాల్సింది మేమే. తెల్లవారింది మొదలు విసుర్రాయి తిప్పీ తిప్పీ నా కుడి భుజం పైకి లేచేది కాదు. జడ అత్తే వేసేది.

నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది అయింది. వయసులో ఉన్న మగవాణ్ణి ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదమని అత్త నా భర్తను పట్నంలో చుట్టాలింటికి పంపేసింది. ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్ళం. పొగ లేస్తే చాలు, దాన్ని చూసుకుని ఎవరో ఒకరు గడపలో నిలబడేవాళ్ళు. చివరికి పొయ్యి ముట్టించాలంటేనే చేతులు వెనక్కి పోయేవి.

మా గోడ పక్క ఇల్లు బండి సాయిబుది. ఊళ్ళో పండిన కూరగాయలు ఎడ్లబండి మీద పట్నానికి చేరవేసి, వచ్చేటప్పుడు ఊరివాళ్ళకు కావలసిన సరుకులు తెచ్చేవాడు. ఆయన భార్యను నేను వాళ్ళ భాషలో అక్కను పిలిచినట్టు ఆపా అని పిలిచేదాన్ని. వాళ్ళకు మాటలు వచ్చీ రాని ఒక చిన్న పాప.

ఆ శ్రావణంలో సాయిబు బజారులోని చాయ్ హోటలు కోసం ఆలుగడ్డల బస్తా ఒకటి తెచ్చాడు. తెచ్చేసరికి హోటలువాడు తాళం వేసుకుని ఎటో వెళ్ళిపోయాడు. అప్పటికి ఊళ్ళో చాలామంది అట్లా వెళ్ళిపోతున్నారు. సాయిబు బస్తా విప్పి సగం మా వాకిట్లో పోశాడు.

"గిన్ని గడ్డలు మేమేం జేసుకుంటం పెద్దమ్మా? కుళ్ళిపోతయి. మీరు తినుండ్రి" అన్నాడు.

అత్త వాటిని చూసి నిట్టూర్చింది. "కూర వండాలెనంటే మళ్ళ రొట్టెలు జేయాలె. ఎవరు జేస్తరు?"

గోడ అవతల నుంచి ఆపా నవ్వింది. "రొట్టెలు ఎందుకు పెద్దమ్మా? గడ్డే రొట్టె అనుకో."

మా పుట్టింట్లో కందగడ్డలు కాల్చుకు తినడం నాకు తెలుసు. ఆలుగడ్డను మాత్రం ఎప్పుడూ కూరలోనే చూశాను. ఆ పూట ఆపా మా ఇంట్లో కూర్చుని చేసి చూపించింది. గడ్డను కడిగి తడి లేకుండా చీరకొంగుతో తుడిచింది. తుమ్మముల్లుతో నాలుగు వైపులా పొడిచింది. పొడవకపోతే లోపల ఆవిరి పట్టి గడ్డ పగులుతుందట. తెల్లవారుజామున కాల్చిన పిడకలు అప్పటికి లోపల ఎర్రగా, పైన బూడిదగా ఉన్నాయి. నిప్పు మీద నేరుగా పెట్టకుండా ముందు బూడిద పరిచి, దాని మీద గడ్డలు పేర్చి, మళ్ళీ బూడిద కప్పి, ఆ పైన నిప్పులు ఎగదోసింది.

"గంతే. ఇగ మర్చిపో" అంది.

ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పొయ్యి ముందు నుంచి లేచి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాను. అత్త అక్కడే నేల మీద ఒరిగి కునుకు తీసింది. ఆపా నీళ్ళకు వెళ్ళి వచ్చి, చీపురుపుల్లతో ఒక గడ్డను గుచ్చి చూసింది. పుల్ల మెత్తగా దిగింది. బూడిద దులిపి రెండు చేతులతో విప్పితే లోపల తెల్లగా, పొడిపొడిగా, ఆవిరి కక్కుతూ ఉంది.

దాని మీద ఏం వేయాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. అత్తకు ఎల్లిపాయ కారం మీద పచ్చి నూనె చుక్క పడాలి. ఆపా గట్టి పెరుగులో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, పుదీనా నలిపి వేసుకుంది. "పెరుగేస్తే సల్లారిపోదా?" అని అత్త. "గంత కారమేస్తే గడ్డ రుచి యాడ తెలుస్తది?" అని ఆపా. పాపకు మీగడ, ఉప్పు కలిపి ముద్దలు పెట్టింది. నేను ఒక సగంలో కారం, ఒక సగంలో పెరుగు వేసుకున్నాను. ఎండుచేపలు కాల్చి పైన నలుపుకుంటే ఇంకా బాగుంటుందని అత్త రెండు మూడుసార్లు అంది గానీ, కాల్చనివ్వలేదు. చేప వాసన చెరువు కట్ట దాకా పోతుందని ఆమె భయం.

అప్పుడే మాకు అర్థమైంది, ఈ వంటకు పొగ లేదు, విసుర్రాయి చప్పుడు లేదు. ఇంట్లో ఏదో ఉడుకుతోందని బయటి వాళ్ళకు తెలిసే దారే లేదు. సంఘంవాళ్ళు వస్తే మాత్రం అత్త ఒకటో రెండో తీసి చేతిలో పెట్టేది. ఖాకీవాళ్ళకు పెట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఖాకీ బట్టలతను ఒకడు నేరుగా వంటింట్లోకి వచ్చాడు. బూడిద కింద గడ్డలున్నాయి. అత్త పొయ్యి పక్కనే పడుకుని ఉంది.

"పొయ్యి ముట్టియ్యలేదేంది?"

"పానం బాగలేదు" అంది అత్త, కళ్ళు తెరవకుండానే. "లేస్తలేను."

అతను బూటుతో పొయ్యి అంచును తన్నాడు. కాస్త బూడిద జారింది. ఇంకొంచెం జారితే గడ్డలు కనబడేవి. రొట్టెలు వేసుకునే ఖాళీ బుట్ట చూసి, నన్నూ చూసి, బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవడు. బూడిదలో గడ్డలు మాడుతున్న వాసన నాకు తెలుస్తూనే ఉంది. అతనికి బీడీ పొగలో తెలిసినట్టు లేదు. అతను లేచి పోయాక తీసి చూస్తే అన్నీ బొగ్గులే. పైది గీకేసి నడిమి గుజ్జు తిన్నాం. అత్త మూతి చుట్టూ నల్లగా అయింది. దాన్ని చూసి నేను నవ్వితే నన్ను చూసి ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయింది, ఇద్దరికీ ఓపిక లేక.

భాద్రపదంలో సాయిబు పట్నం వెళ్ళి ఉండగా పోలీసు చర్య మొదలైంది. తలల మీదుగా విమానాలు పోయాయి. కొద్ది రోజులకే రాజ్యం మారిందన్నారు. ఖాకీవాళ్ళు ఒక్కడూ కనబడకుండా పోయారు. ఇక విసరడం తగ్గుతుందని నేను అనుకున్నాను. కానీ అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నుంచి వచ్చినవాళ్ళు వేరే కబురు తెచ్చారు. ఖాకీవాళ్ళ మీది కోపం ఏ పాపం ఎరుగని తురక కుటుంబాల మీద తీరుస్తున్నారట. ఇళ్ళు దోస్తున్నారు, మనుషులను కూడా వదలడం లేదు.

అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గోడ దగ్గరికి పోయి పిలిచింది.

"బిడ్డా, పిల్లనెత్తుకొని ఇటు రా. సామాను సదురుకుంట కూసోకు."

వెనక జొన్నలు పోసుకునే చీకటి గదిలో ఆపానూ పాపనూ ఉంచాం. ఇద్దరు ఆడవాళ్ళుండే ఇంట్లో అన్ని రొట్టెలు చేస్తే చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది. అందుకని మళ్ళీ బూడిద, మళ్ళీ గడ్డలు. పెరుగు దొరకలేదు. ఉప్పూ కారంతోనే తిన్నాం. ఆపాకు ముద్ద దిగేది కాదు. "ఆయన యాడున్నడో" అని మాత్రం అనేది.

ఒక పొద్దున మా వాకిట్లోకి మనుషులు వచ్చారు. అందరూ తెలిసిన ముఖాలే. చేతుల్లో కట్టెలు, గొడ్డళ్ళు. వాళ్ళలో ఒకడికి నేను ఎన్నోసార్లు రొట్టె పెట్టాను.

"పెద్దమ్మా, సాయిబు ఇంటోళ్ళు యాడున్నరు?"

అత్త గడపలో అడ్డంగా కూర్చుంది. కోపంగా కూర్చోలేదు. నిలబడే బలం లేక కూర్చున్నట్టు కూర్చుంది.

"నాకేం ఎరుక?"

"లోపట జూస్తం, జరుగు."

"నేను జరుగ" అంది అత్త. గొంతు కూడా పెంచలేదు. "వాళ్ళొస్తే చేసి పెట్టిన. మీరొస్తే చేసి పెట్టిన. నా రెక్కలు పడిపోయినయి. ఇగ నాతోని కాదు. లోపటికి పోవాలెనంటే నన్ను తొక్కుకుంట పోండ్రి."

ఎవరూ కదల్లేదు. నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను. చీకటి గదిలో పాప నోట్లో ఆపా గడ్డముక్క పెట్టి ఉంచిందని తర్వాత తెలిసింది. నేను రొట్టె పెట్టినవాడు నా ముఖం చూసి తల దించుకున్నాడు. "పోదాం పాండ్రి, ముసలామెతోని ఏం లొల్లి" అని అతనే వెనక్కి తిరిగాడు. వెనక్కి తిరిగినవాళ్ళు ఊరికే పోలేదు. పక్కింటి తలుపు విరగ్గొట్టారు. గోడకు చెవి ఆనించి ఆపా అంతా విన్నది. ఇత్తడి పాత్ర ఏదో నేల మీద దొర్లిన చప్పుడైతే, "అది మా అమ్మ ఇచ్చిన డేగిశ" అంది, అంతే.

కొన్నాళ్ళకు సాయిబు నడిచి వచ్చాడు, తుక్కుగూడ దిక్కు నుంచి పొలాల గట్ల మీదుగా. బండి లేదు, ఎడ్లు లేవు. గడ్డం తీసేసి ఉన్నాడు. పాప తండ్రిని గుర్తుపట్టక ఏడ్చింది. ఎడ్లేమైనాయని అత్త అడిగితే, "పోయినయి" అన్నాడు. ఎట్లా పోయాయో అప్పుడు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. ఆపా వేడి గడ్డ విప్పి ఉప్పు చల్లి ఇచ్చింది. రెండు ముక్కలు తిన్నాడో లేదో, మూడోది చేతిలో ఉండగానే నిద్రపోయాడు. ఆపా దాన్ని మెల్లగా తీసి తను తింది.

చలికాలానికి అత్త మంచం పట్టింది. జ్వరం లేదు, దగ్గు లేదు. వైద్యుడు నాడి చూసి, ఏ రోగమూ లేదు, పడుకోనివ్వమన్నాడు. పడుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది గానీ మళ్ళీ పొయ్యి ముందు కూర్చోలేదు. నా భర్త పట్నం నుంచి తిరిగి వచ్చాడు, కాస్త ఒళ్ళు చేసి. సాయిబు కోహెడలో ఒకరి దగ్గర బండి తోలే పనికి కుదిరాడు. గొడవలు సద్దుమణిగాక వాళ్ళు తమ ఇంటికి తిరిగి వెళ్ళారు గానీ కొత్త తలుపు పెట్టడానికి చాలా కాలం పట్టింది, అప్పటిదాకా గోనెపట్టా కట్టుకున్నారు.

ఇక కొత్త సర్కారు సైన్యం మా ఊరికీ వచ్చింది. చెరువు అవతల డేరాలు వేసుకున్నారు. సంఘంవాళ్ళ పోరాటం ఆగలేదు కాబట్టి, సైనికులు వాళ్ళను వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. మా బాట మీదే తిరిగేవాళ్ళు. వాళ్ళ భాష మాకు తెలియదు. నోటి దగ్గర చెయ్యి పెట్టి సైగ చేసేవాళ్ళు. అదొక్కటీ అర్థమయ్యేది.

ఒక మధ్యాహ్నం విసురుతూ విసురుతూ నాకు కళ్ళు తిరిగాయి. అప్పటికి కడుపుతో ఉన్నాను. ఆపా నన్ను లేపి తన ఇంటికి తీసుకుపోయి, చాప వేసి పడుకోబెట్టింది. మెలకువ వచ్చేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. ఆపా చేతులు పిండితో తెల్లగా ఉన్నాయి.

"ఎవరొచ్చిండ్రు ఆపా?"

"ఎవరో. ఆకలైతున్నదన్నరు. చేసి పెట్టి పంపిన."

నేను లేవబోయాను. ఆమె మోచేత్తో నా భుజం ఆపి, "ఇంకొంచెంసేపు పండుకో" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను.