గోలీ పడితే ఆట ఆగాలి

ఫుట్‌బాల్లో దెబ్బ తగిలిన ఆటగాడికి నీళ్లో మందో పట్టాక, వాణ్ణి కాసేపు గీత అవతలికి పంపాలి. గోలు కాసే గోలీకి మాత్రం ఆ బెడద లేదు. గోలీ పడితే అక్కడే చూడాలి, వాడు లేచేదాకా ఆట ఆగాలి. ఈ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ, మా టీము కొన్నేళ్లపాటు ఆయన పేరు చెప్పుకునే బతికింది.

గోలీని నేనే. మేం ఒక్క గోలు ముందుంటే చాలు, చివరి నిమిషాల్లో పడటం నా పని. దాన్ని మావాళ్లు టైం తినడం అంటారు. కెప్టెన్ నా భార్య తమ్ముడు. వాడు నా వైపు తిరిగి "బావా, లేసు ఊడింది" అని కేకేస్తే, తర్వాత వచ్చిన బంతి పట్టుకుని నేను నేలకరవాలి. ఒకసారి మోకాలు, ఒకసారి తొడ, ఒకసారి కంట్లో ఇసుక. "నిజంగా నొప్పి సార్, దేవుడి తోడు" అనేవాణ్ణి. బోగోలు నుంచి విడవలూరు దాకా ఏ ఊళ్లో ఆడినా, గోళ్లు కొరుక్కుంటూ నా పడటం కోసం చూసేవాళ్లుండేవారు. గోలీ బంతిని ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే అవతలివాళ్లకు కార్నర్ ఇచ్చే కొత్త రూలు వచ్చాక నా పని మరీ పెరిగింది. రిఫరీ వేళ్లు చూపించి లెక్కపెడుతుంటే బంతి పట్టుకుని నిలబడలేం. నిలబడలేకపోతే పడుకోవాలి, అంతే కదా.

ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో మాకు వేరే ఆట నడుస్తోంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కాను. పరుగు పరీక్ష జనవరిలో. వయసు లెక్కన నాకు ఇదే ఆఖరు అవకాశం. రాత్రంతా రొయ్యల గుంటల దగ్గర కాపలా కాసి, తెల్లవారగానే సముద్రం పక్క రోడ్డు మీద పరుగెత్తేవాణ్ణి. నా భార్య ఆ రోడ్డు చివర ఫోన్ పట్టుకుని నిలబడి టైం చూసేది. "నిన్నటికంటే తగ్గిందయా" అనేది, పరుగెత్తింది తానే అయినట్టు ఆయాసపడుతూ. రొయ్యకు రోగమొస్తే ఓనరు ముందు తీసేసేది కాపలావాణ్ణే. ఆ బతుకులోంచి బయటపడటానికి మా ఇద్దరికీ కనబడిన దారి ఆ పరుగొక్కటే.

క్రిస్మస్ టోర్నమెంటు ఫైనల్ చర్చి వెనక చౌడు నేల మీద జరిగింది. పాస్టరుగారు రెండు టీముల కోసమూ ప్రార్థన చేశారు. దేవుడు ఎవరి మాట వినాలో ఆయన చెప్పలేదు. మొదటి సగంలోనే మాకు ఒక గోలు వచ్చింది. ఆ తర్వాత మావాళ్లు ఆడటం మానేసి త్రో వేయడానికి తీరిగ్గా నడవడం, బంతిని తుమ్మచెట్లలోకి తన్నడం మొదలుపెట్టారు. రిఫరీ కావలి వైపు నుంచి వచ్చిన పీఈటీ మాస్టారు. పోయిన ఏడూ ఆయనే. నా సంగతి ఆయనకు తెలుసు.

ఇంకాసేపట్లో అయిపోతుందనగా ఎత్తుగా ఒక బంతి వచ్చింది. ఎగిరి పట్టాను. దిగేటప్పుడు కుడికాలు ఎండ్రకాయ బొరియలో దిగబడి, ఒళ్లు ఒకవైపు, మోకాలు ఒకవైపు తిరిగాయి. లోపల ఏదో తెగిన శబ్దం నాకు వినబడింది. పడిపోయాను.

కెప్టెన్ ఇంకా లేసు మాట అననేలేదు. అందుకే వాడికి నా మీద అంత ముచ్చట వేసింది. పరుగెత్తుకొచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "చెప్పకముందే పడినావే బావా. ఇంకొంచేపు అట్నే ఉండు" అన్నాడు.

"నిజంగానే రా," అన్నాను.

"అదే, అట్నే అను. సారు వస్తన్నాడు."

"ఒరే, కాలు విరిగింది రా. దేవుడి తోడు."

వాడు నవ్వాపుకుంటూ తల అటు తిప్పుకున్నాడు. నిజం చెప్పడానికి నా దగ్గర వేరే మాటలు లేవు. ఉన్న మాటలన్నీ అబద్ధానికి వాడేసి ఉన్నాను. గోడ దగ్గర ఆడవాళ్ల మధ్య నా భార్య కూర్చుని ఉంది. ఏడుపొచ్చి అటు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పక్కనున్నామెకు నన్ను చూపించి ఏదో చెబుతోంది కూడా. అంత బాగా చేస్తున్నానన్నమాట.

నాన్నా పులి కథ నాకూ తెలుసు. అందులో పులి రాగానే కథ అయిపోతుంది. నాది అక్కడ అయిపోలేదు.

రిఫరీ వచ్చి పసుపు కార్డు చూపించి, గడియారం మీద వేలితో కొట్టాడు. తిన్న టైమంతా కక్కిస్తానని దానర్థం. వేరే గోలీని దించమని నేను అడుగుతూనే ఉన్నాను, కెప్టెన్ వినిపించుకోలేదు. గోలుపోస్టు పట్టుకుని నిలబడ్డాను. అలా కలిపిన టైములో, చిట్టచివర, మా డిఫెండరొకడు పెనాల్టీ బాక్సులో బంతిని చేత్తో ఆపాడు. టైం అయిపోయినా పెనాల్టీ కొట్టేదాకా ఆట ముగియదు. రిఫరీ అందరికీ వినబడేలా చెప్పాడు, ఈ ఒక్క బంతితో ఆఖరని.

బంతి తన్నే క్షణానికి గోలీ కాలు ఒక్కటైనా గీత మీద ఉండాలి. ఎడమకాలు గీత మీద నొక్కిపెట్టి, కుడికాలు ఊరికే ఆనించి నిలబడ్డాను. కొట్టేవాడు పరుగు మొదలుపెట్టాడు. నేను దూకడానికి కాదు, నిలబడటానికే కొంచెం కదిలాను. మోకాలు మడతపడింది. పడిపోకుండా ఆపుకోబోయి ఎడమకాలు ముందుకు గెంతింది. అప్పుడు తన్నాడు వాడు. బంతి నా ఛాతీకి తగిలి పైకి లేచి, గోలు మీదుగా అవతల పడింది.

మా ఊరంతా గ్రౌండు లోపలికి వచ్చేసింది. కెప్టెన్ నన్ను ఎత్తుకోబోయాడు. ఈలోగా విజిల్. రిఫరీ వేలు గీత వైపు చూపిస్తున్నాడు. తన్నకముందే గీత వదిలాను, మళ్లీ కొట్టాలి.

"కాలు నిలవలేదు సార్. అదే మడతపడింది. నేను కదల్లేదు," అన్నాను.

"నీ కాలి కథలు చాలా విన్నానులే అబ్బయా," అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. నిజంగానే చాలా విన్నాడు.

రెండోసారి నేను కదల్లేదు. కళ్లు తెరిచే ఉన్నాను, బంతి నా పక్కనుంచి వెళ్లడం చూశాను. స్కోరు సమానమైంది. తర్వాత పెనాల్టీల పోటీకి నా చోట వేరేవాణ్ణి నిలబెట్టారు. మేం ఓడిపోయామని నాకు మర్నాడెప్పుడో చెప్పారు. అప్పటికి నేను నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాను. మోకాలి లోపలి లిగమెంటు పూర్తిగా తెగిందని, ఆపరేషన్ చేసినా ఏడాది దాకా పరుగు మాటే వద్దని డాక్టరు అన్నారు. మా బావమరిది గోడకానుకుని బిగ్గరగా ఏడ్చాడు. నా భార్య ఏడవలేదు. "నేను నవ్వినానే" అని మాత్రం అంది. ఆ రోజంతా అదొక్క మాటే, అప్పుడప్పుడూ.

పరుగు పరీక్ష నాడు స్కాన్ కాగితాలు పట్టుకుని, కట్టుతో, ఒక్కణ్ణే వెళ్లాను. ఆమెను రావద్దన్నాను. గేటు దగ్గర అధికారి కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. నా మోకాలి వంకా చూశాడు. "నమ్ముతున్నా తమ్ముడూ. తేదీ మార్చే వీలు నాకు లేదు," అన్నాడు. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయనే. ఆ నమ్మకంతో చేసేదేమీ లేదు. లోపల విజిల్ వేశారు, నా బ్యాచ్ వాళ్లు పరుగెత్తారు. రోడ్డు మీదికొచ్చి బస్సు కోసం నిలబడ్డాను. ఇంత వయసొచ్చి, గుంటల దగ్గర టార్చిలైటు తప్ప చేతిలో ఏమీ మిగలనివాణ్ణి, బస్సు ఎక్కడానికి కూడా ఎవరో చెయ్యివ్వాలి.

ఆమె మా వీధి చివరే నిలబడి ఉంది.

"ఏమన్నారయా?"

నోరు తెరిచాను. నిజమే చెబుదామనుకున్నాను. ఆమె ముఖం చూసి, "ఇంకో డేటు ఇస్తామన్నారు మే. కాలు బాగయ్యాక రమ్మన్నారు," అన్నాను.

తడబడకుండా చెప్పాను. ఒట్టు వేయమని ఆమె అడగలేదు, నేనూ వేయలేదు. వెంటనే నమ్మింది. అక్కడికక్కడే కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పింది. డాక్టరు చూపించిన వ్యాయామం రోజూ పొద్దున్నే దగ్గర కూర్చుని చేయిస్తోంది, నా మడమ తన అరచేతిలో పెట్టుకుని. నిన్నటికంటే ఎక్కువ వంగుతోందంటోంది.