ఇంట్ల షుగర్ గోలీలు ఎవరేసుకుంటరు?

వికారాబాద్ ఆసుపత్రిలోని ఆ పిల్లల డాక్టరమ్మ కూర్చోవడం నేను చూడలేదు. తాండూరు నుంచి స్పృహ లేని మా పాపను తీసుకెళ్లిన రోజు, గ్లూకోజు ఎక్కిస్తున్నా రక్తంలో చక్కెర మళ్లీ మళ్లీ పడిపోతుంటే, ఆమె మంచం చుట్టూ తిరుగుతూ ఒకటే అడిగింది.

"ఇంట్ల షుగర్ గోలీలు ఎవరేసుకుంటరు?"

"నేనే. గని పిల్ల ముట్టలే, డాక్టరమ్మా," అంది మా అత్త.

"యాడ వెడతవ్, అవ్వా?"

అత్త నడుముకు దోపుకున్న వక్కల సంచి విప్పింది. పాపకు రోజూ ఇచ్చే పిప్పరమెంటు బిళ్లలు, ఆ గోలీలు అన్నీ తెల్లగా కలిసిపోయి ఉన్నాయి.

"నా చేతులతోనే పెట్టిన్నా?" అత్త కూలబడింది.

డాక్టరమ్మ తిట్టలేదు. "ఎందుకో తెలిసింది కదా. ఇగ పిల్ల దక్కుతది," అంటూ మందు తేవడానికి తనే పరుగెత్తింది.

పాప ఇప్పుడు బడికి పోతోంది. మధ్యాహ్నం కాస్త ఎక్కువసేపు నిద్రపోతే మాత్రం, నేనూ మంచం చుట్టూ తిరుగుతూ అదే అడుగుతాను. అత్త సంచి లేని నడుము తడుముకుంటుంది.