ఎర్రగడ్డకు ఒక మార్కు

హైదరాబాదు వచ్చిన మొదటి వారం కొత్తగూడ చౌరస్తాలో కూరగాయల బండి దగ్గర నిలబడి, "ఎర్రగడ్డలు కిలో ఎంతన్నా?" అని అడిగాను. బండి ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎర్రగడ్డనా? గీడ ఏడుంటదక్కా! రాయదుర్గంల మెట్రో ఎక్కి, అమీర్‌పేటల మారి పో."

పక్కనున్న ఇద్దరు పడీపడీ నవ్వారు. మా కడపలో ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు. ఇక్కడ అదొక పేట పేరని నాకేం తెలుసు? వేలితో చూపించి కిలో ఉల్లిపాయలు కొనుక్కుని వచ్చేశాను. ఆ రోజు నుంచి ఆ మాటను నా నోట్లోంచి తీసేశాను. ఏడాది తిరిగేసరికి నా తెలుగు వార్తలు చదివేవాళ్ల తెలుగైపోయింది. అందుకు గర్వపడ్డాను కూడా, అదీ నా తెలివి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. నా గుణానికి సరిగ్గా సరిపోయిన పని అని మా ఇంట్లో అందరి అభిప్రాయం. కొన్నేళ్లకు అదీ విసుగొచ్చి, ఉద్యోగం చేస్తూనే, వారాంతాల్లో క్లాసులుండే ఎం.ఏ.లో చేరాను. పిల్లలకు చదవడం, రాయడం ఎలా అబ్బుతాయి, ఇంటి భాషకూ బడి భాషకూ పొత్తు ఎలా కుదురుతుంది అన్నది అక్కడి చదువు. ఇంటి భాష మీద రాసిన పేపర్లో క్లాసు ఫస్టు నాదే. ఆ సంగతి అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పాను.

థీసిస్ కోసం పరీక్ష ఒకటి తయారుచేశాను. ఇరవై బొమ్మలు, పిల్లలు ఒక్కోదాని కింద పేరు రాయాలి. కొండాపూర్‌లోని ఒక చిన్న బడిలో హెడ్మిస్ట్రెస్ దాన్ని చూసి ముచ్చటపడింది. కొత్తగా చేరే పిల్లల్ని ఏ తరగతిలో వేయాలో తేల్చడానికి అదే వాడుకుంటానంది. నేను పొంగిపోయి, కాగితాలు నేనే దిద్ది ఇస్తానన్నాను. ఒక ఆదివారం కూర్చుని, ఎర్ర పెన్నుతో, నేను రాసుకున్న జవాబుల కీలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కు అన్న కచ్చితమైన నియమంతో అన్నీ దిద్ది పంపేశాను.

ఆ తర్వాత వారం, రాయదుర్గంలో మా ఆఫీసు ప్యాంట్రీలో కాఫీ పట్టుకుంటుంటే, హౌస్ కీపింగ్ చేసే ఆమె దగ్గరికొచ్చింది. రోజూ నా బల్ల తుడిచే మనిషే. ఎప్పుడూ నవ్వు మొహం, ఆ రోజు లేదు.

"మేడం, జర ఆగుర్రి. మా పిల్లకు చదువు రాదని రాసింది మీరేనంట గదా? మీ ఆఫీసు మేడమేనని బడిల చెప్పిన్రు."

నాకు అర్థం కాలేదు. ఆమె సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. నా పరీక్షే, నా ఎర్ర సిరానే. ఇరవైకి ఎనిమిది.

"పాలమూరు దిక్కు మా ఊర్ల రెండో తరగతి పాసయ్యింది మేడం. మూడోదాంట్ల ఏస్తరనుకుంటే ఒకటోదాంట్ల ఏసిన్రు. చిన్న పోరగాండ్ల పక్కన కూసోనని ఏడుస్తుంది. బడికే పోనంటుంది. ఇగో, పక్కన ఏందో రాసిన్రు గద, 'యాస' అని. యాస అంటే ఏంది? చదువు రాదనా?"

కాగితం చూశాను. చొక్కా బొమ్మ కింద 'అంగి'. బంగాళాదుంప కింద 'ఆలుగడ్డ'. మొక్కజొన్న కింద 'మక్క'. ఉల్లిపాయ కింద 'ఉల్లిగడ్డ'. ఒక్క ఒత్తు తప్పలేదు, ఒక్క దీర్ఘం జారలేదు. అన్నిటికీ అడ్డంగా నా ఎర్ర గీత, పక్కన 'యాస' అని నా వ్యాఖ్య. పన్నెండు తప్పుల్లో పదకొండు ఇలాంటివే. పన్నెండోది పనసపండు, పాలమూరు పిల్ల దాన్నెక్కడ చూసిందని రాస్తుంది?

మాట తప్పించడానికన్నట్టు, "ఇది యాస అని మీకెవరు చదివి చెప్పారు?" అని అడిగాను.

"నాకేడ చదువొస్తది మేడం? మా పిల్లనే చదివి చెప్పింది."

నా చేతిరాత కోడిగీతలు. నేను రాసుకున్న నోట్సు నాకే అంతుపట్టదు. ఆ కోడిగీతల్ని ఎనిమిదేళ్ల పిల్ల కూడబలుక్కోకుండా చదివి, తనకు చదువు రాదని అమ్మకు చెప్పుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

టెస్టింగులో మాకు మొదటివారమే నేర్పే సంగతి ఒకటుంది. రావలసిన జవాబును మనమే తప్పుగా రాసుకుంటే, మంచి ప్రోగ్రాము కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది. అప్పుడు దిద్దాల్సింది ప్రోగ్రామును కాదు, మన కాగితాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని చేసే నాకు, బడి మెట్లెక్కగానే అది గుర్తుకు రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి హెడ్మిస్ట్రెస్ గదిలో కూర్చున్నాను. ఆవిడది గోదావరి జిల్లా.

"ఇప్పుడు మారిస్తే అందరూ అడుగుతారండి. అయినా ఆ కీ మీరు చేసిందే కదండీ," అంది.

వాదించి లాభం లేదు. సంచిలోంచి ఒక బొమ్మ తీసి బల్ల మీద పెట్టాను. "ఇదేంటో చెప్పండి."

"ఆనపకాయండి."

"తప్పండి. కీలో సొరకాయ అని ఉంది."

"అదేంటండీ! రెండూ ఒకటే కదా!"

"కాదండి. యాస."

ఆవిడ మొహం కందగడ్డయింది. కాసేపు బొమ్మనూ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. "అయితే నన్నూ ఒకటో తరగతిలో వేసేస్తారా ఏంటండి?" అని, పిల్లను పిలిపించి, మూడో తరగతి వాచకం చేతికిచ్చింది. పిల్ల మొదట గొణిగింది. రెండో పేజీకి గొంతు లేచింది. ఐదో పేజీ దగ్గర ఇక చాలమ్మా అంటే, కథ అయిపోలేదు కదా అని ఆపలేదు. ఆ మధ్యాహ్నమే మూడో తరగతి బెంచీలో కూర్చుంది. తలుపు దగ్గర నిలబడ్డ నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

మిగతా పిల్లల కాగితాలన్నీ మళ్లీ దిద్దాను. థీసిస్ సగం కొట్టేసి, మళ్లీ రాశాను. వైవాలో, మీ పరిశోధనలో దొరికిన పెద్ద తప్పు ఏమిటని అడిగితే, "నాదేనండి" అని తలెత్తుకుని చెప్పాను. ఇంత దర్జాగా తప్పు ఒప్పుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. పాసయ్యాను.

మర్నాడు కొత్త బొమ్మలు, కొత్త కీ పట్టుకుని బడికి వెళ్లాను. ఇప్పుడు ఒక్కో బొమ్మకు రెండు మూడు జవాబులున్నాయి, ఇంకొన్ని రాసుకోవడానికి చోటుంది. ఆ పిల్ల వచ్చి బొమ్మల అట్టల్ని లాక్కుని, నా ఎర్ర పెన్ను కూడా తీసుకుని, ఒక బొమ్మ ఎత్తి పట్టింది.

"ఇదేంది మేడం? చెప్పుర్రి."

ఎన్నేళ్లుగానో నోట్లో నొక్కిపెట్టిన మాట తనంతట తానే వచ్చేసింది. "ఎర్రగడ్డ."

"అది మెట్రో స్టేషన్ గదా!" పకపకా నవ్వింది. తర్వాత, టీచరమ్మలా తల వంచి అడిగింది. "మీ ఊర్ల గట్లనే అంటరా?"

"ఆ. మా అమ్మ అట్లే అంటుంది."

పిల్ల కీలో ఉల్లిపాయ, ఉల్లిగడ్డ పక్కనున్న ఖాళీలో 'ఎర్రగడ్డ' అని గుండ్రంగా రాసింది. నా అరచేయి తిప్పి, అందులో ఎర్ర సిరాతో టిక్కు పెట్టింది.

"కరెక్టే," అంది.