లాక్కుపోతున్న ఇంటి కింద

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. జాతరల్లో గాజులమ్ముకుంటూ తిరిగినదాన్ని, శ్మశానాల పక్కన కూడా వండుకుని తిన్నాను, పడుకున్నాను. ఒక్కనాడూ ఏదీ కంట పడలేదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే తమ్ముడి కూతురు రాస్తోంది. ఒక్క మాట కూడా కలపొద్దని దానితో ఒట్టు వేయించుకున్నాను.

మాది కొండపాక. నా భర్త మల్లేశం వెల్డింగ్ పనివాడు. పాత మినీబస్సు ఒకటి తెచ్చి, సీట్లు పీకేసి, దాన్నే మాకు ఇల్లు చేశాడు. రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, గాజుల పెట్టెలకు అరలు. లోపల జాగా చాలక నీళ్ల ట్యాంకును వెనక చక్రాలు దాటి, తోక దగ్గర బిగించాడు. ఆ నీళ్లు వదిలే వాల్వు బస్సు కింద ఉంటుంది. దాని పిడి ఎప్పుడో విరిగిపోయింది. కిందికి దూరి పానాతో తిప్పాలి.

బస్సు చెడిపోయి లాగించాల్సి వస్తే ఆయన ముందు ఆ ట్యాంకు ఖాళీ చేసేవాడు. "తోక బరువైతే మూతి లేస్తదే. స్టీరింగు మాట ఇనదు" అనేవాడు.

పోయిన వానాకాలం ఆ బస్సు కిందే పోయాడు. చక్రాల మీది కమాను పట్టీలు మారుస్తుంటే మెత్తటి నేలలో జాకీ ఒరిగింది. అంతకంటే నాతో చెప్పించకండి.

ఆ తర్వాత బస్సు కదల్లేదు. నాకు వేరే ఇల్లు లేదు, వేరే పని రాదు. ఇంజను బాగైతేనే మళ్లీ నా బతుకు. సిద్దిపేట షెడ్డుకు చేర్చడానికి తమ్ముడు సైలు మా ఊరి రాజయ్య ట్రాక్టరు మాట్లాడాడు.

ఇల్లు కదిలేటప్పుడు ఖాళీ కుండతో కదలకూడదని మాలో పట్టింపు. నిండు బిందె లోపల ఉండాలి. మా మరదలు లక్ష్మి బిందెతో ఊరుకోలేదు.

"బస్సే ఇల్లాయె గద వదినా. గా ట్యాంకే మనకు బిందె" అని పైపు పెట్టి నిండా నింపింది. నాకూ సబబే అనిపించింది. ఆయన మాట ఆ పొద్దు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంకో పట్టింపు కూడా ఉంది కదా. బయలుదేరే బండికి నాలాంటి ముండమోసినది ఎదురు రాకూడదు. బయట నిలబడి కనబడేకన్నా లోపల కూర్చోవడం మేలన్నారు. ఎక్కించి తలుపు వేశారు. ముందు వైపు స్టీరింగు దగ్గర సైలు, వెనక పెట్టెల మధ్య నేను.

ఇనుప రాడ్డు దొరకలేదని మోకుతో కట్టారు. "పెండ్లి పిల్లలను తోల్కపోయిన గని, ఇంటిని గుంజుకపోవుడు గిదే మొదలు" అన్నాడు రాజయ్య.

"పరాచకాలు బంద్ జెయ్యే అన్నా. మెల్లగ పోనియ్యి. ఇంజను లేక బ్రేకు రాయి లెక్కుంది, తొక్కితే దిగుతలేదు" అన్నాడు సైలు.

కొంత దూరం బాగానే పోయాం. రోడ్డు చదునుగా ఉన్నచోటే బస్సు తోక ఊగడం మొదలైంది. గిన్నెలు దొర్లాయి. నేను మంచం కోడు పట్టుకున్నాను. ముందు వాగు దాకా దిగుడు ఉంది. ఎదురుగా లారీలు వస్తున్నాయి.

"అక్కా, తిరుగుతలేదే! గట్టిగ పట్టుకో!" అని సైలు అరిచాడు.

అప్పుడే నా కాళ్ల కింద చప్పుడైంది. పానా ఇనుమును పట్టుకునే చప్పుడు. పట్టు జారింది. కిందనుంచి ఎవరో విసుగ్గా నాలుకతో 'ప్చ్' అన్నారు. మళ్లీ పట్టింది. ఆ వెంటనే నీళ్లు ధారగా రోడ్డు మీద పడుతున్న మోత.

పన్నెండేళ్లు విన్న చప్పుడది. పొరబడను.

ఊగడం కొంచెం కొంచెంగా తగ్గింది. దిగుడు మొదలయ్యేసరికి స్టీరింగు చేతికొచ్చిందట. రాజయ్య వెనక్కి చూసి ట్రాక్టరు ఆపాడు, సైలు హ్యాండ్ బ్రేకు గుంజి పట్టాడు. బస్సు మూతి ట్రాక్టరుకు బారెడు దూరంలో ఆగింది. తలుపు తీయగానే నేను కిందికి దిగాను.

రాజయ్య బస్సు కిందికి వంగి చూశాడు. వాల్వు పూర్తిగా తెరిచి ఉంది. దాని తుప్పు మీద పానా పళ్లు దిగినచోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. మా పానాలన్నీ లోపల నా పక్కనే ఉన్న పెట్టెలో, మూత వేసినవి వేసినట్టే ఉన్నాయి.

వెనక్కి నడిచి చూశాం. తడి చార బస్సు ఊగడం మొదలైన చోటు నుంచే ఉంది. అంతకుముందు రోడ్డు మీద ఒక్క చుక్క లేదు.

షెడ్డులో మేస్త్రీ తిట్టాడు. "మోకుతోని గుంజుకచ్చుడే తప్పు. మల్ల మనిషిని లోపట కూసోవెట్టిన్రా?" ట్యాంకును చక్రాల నడుమకు మార్చాడు. కుదుపులకు వాల్వు తెరుచుకుందేమో అని అడిగాను. ఆయన దాన్ని వేలితో తడిమి, "గిది కుదుపులకు తిరిగేది కాదమ్మా. ఎవలు తిప్పిన్రు?" అన్నాడు.

మళ్లీ ఆ బస్సులోనే ఉంటున్నాను. విన్నవాళ్లు నీ మొగుడే కాపాడాడు, అదృష్టవంతురాలివి అంటారు. నాకు సంతోషం కలగడం లేదు. ఆయన పోయిన మూడోనాడు మేం ముద్ద పెడితే కాకి వచ్చి వెంటనే ముట్టింది. ఏ కోరికా మిగల్లేదు, వెళ్లిపోయాడు అన్నారు పెద్దలు. నేనూ నమ్మి, తలంటుకుని ఇంటికొచ్చాను.

వెళ్లిపోయినవాడైతే, ఆ పొద్దు పరుగెత్తే చక్రాల నడుమ వెల్లకిలా పడుకుని ఉన్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.